రాయి కట్టిన తీగ

గంగమణికి పెళ్లయి మూడేళ్లయినా, ఆమె తల్లి ఈరవ్వ అల్లుడితో నేరుగా ఒక్క మాట మాట్లాడి ఎరగదు. అది ఆమె పాటించే మర్యాద. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటున నిలబడి, "గంగా, మీ ఆయనకు చెప్పు" అనేది. అల్లుడు రాజనర్సు అన్నీ వింటూనే, "మీ అవ్వకు సరే అని చెప్పు" అనేవాడు. మధ్యలో గంగమణికి నవ్వాపుకోవడమే పెద్ద పని.

రాజనర్సు బోధన్‌లో కొత్తగా పెట్టిన చక్కెర కార్ఖానాలో కరెంటు పని చేస్తాడు. ఆ ఫాల్గుణంలో ఈరవ్వ నిజామాబాదులోని మగ్గాన్ని నాలుగు రోజులు ఆపి కూతురింటికి వచ్చేసరికి, అతను పెరట్లో తాడు పట్టుకుని నేల కొలుస్తున్నాడు. టక్కుటక్కు చప్పుళ్లతో దూరదేశాలవాళ్లతో మాట్లాడే యంత్రాన్ని సొంతంగా తయారు చేసుకున్నాడట. సర్కారు పర్మిట్టు కూడా వచ్చిందట. ఇక దానికి అరవై ఆరు అడుగుల రాగితీగ ఎత్తుగా కట్టాలి. ఒక కొస ఇంటిమీది వెదురుబొంగుకు, ఇంకో కొస పెరటి చివరి వేపచెట్టుకు. కాగితం మీద లెక్కంతా కుదిరింది.

గాలికే కుదరలేదు. కట్టిన మర్నాడే చెట్టు ఊగి తీగ తెగింది. అతికించి మరింత బిగించి కట్టాడు. సాయంత్రానికి మళ్లీ తెగింది.

"లావు తీగ కావాలె. హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె" అన్నాడు రాజనర్సు, అన్నం కూడా సరిగ్గా తినకుండా.

మూడోనాడు సెలవు. పొద్దున్నే మళ్లీ చెట్టెక్కి, పళ్లు బిగబట్టి తీగ లాగుతున్నాడు. పెరటి అరుగు మీద కూర్చున్న ఈరవ్వకు చేతులు ఊరుకోవడం లేదు. నలభై ఏళ్లుగా పోగులతో బతికిన చేతులవి.

"గంగా, మీ ఆయనకు చెప్పు" అంది. గంగమణి అప్పటికే నీళ్లకు బావి దగ్గరికి పోయింది. పైన తీగ సన్నగా కీచుమంది.

"అల్లుడా, గట్ల గుంజకు. తెగుతది."

రాజనర్సు కొమ్మను వాటేసుకుని కిందికి చూశాడు. ఈరవ్వ కొంగు సర్దుకుంది. అయినా నోరు దాటిన మాట దాటింది కదా అనుకుని, చెట్టు కిందికే వచ్చేసింది.

"రెండు దిక్కుల బిర్రుగ కడితె పోగైనా ఆగదు, తీగైనా ఆగదు. చెట్టు ఊగితె తీగ ఇచ్చేటందుకు కొంచెం వదులుండాలె. కొమ్మకు గిరక కట్టు. తీగకు తాడు ముడేసి, గిరక మీదికెల్లి తెచ్చి, కొసకు రాయి యాలాడదియ్యి. చెట్టు వంగితె రాయి లేస్తది, నిలబడితె దిగుతది. తీగ మీద జోరు పడదు."

రాజనర్సు నాన్న కాలంలోనే మగ్గం వదిలేసిన ఇల్లు వాళ్లది; ఈ ఉపాయం అతనికి తెలియదు. అతను కొమ్మకు వేసిన ముడి విప్పాడు. "అత్తా, రాయి ఎంత బరువుండాలె?" అన్నాడు.

"నువ్వు కట్టు, నేను సూసి చెప్త."

మూడు రాళ్లు మార్పించింది. మొదటిదానికి తీగ వేలాడింది, రెండోదానికి మరీ బిగుసుకుంది. మూడోది కట్టాక తాడు మీద వేలు మీటి చూసి, "ఇగ మంచిగున్నది" అంది. నీళ్లబిందెతో వచ్చిన గంగమణి, తల్లీ మొగుడూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవడం చూసి, బిందె దించడం మరిచిపోయింది.

మధ్యాహ్నం గాలి గట్టిగానే లేచింది. చెట్టు ఊగింది. రాయి లేచింది, దిగింది. తీగ అట్లాగే ఉంది.

దీపాలు పెట్టే వేళకు రాజనర్సు చెవులకు పెట్టుకున్న డబ్బాల్లో టక్కుటక్కుమని ఎవరో పలికారు. "రంగూన్" అన్నాడు. "మన చప్పుడు సాఫ్‌గ ఇనవడుతున్నదట. ఇంట్ల ఎవరెవరున్నరని అడుగుతుండు."

"నన్ను గూడ చెప్పు" అంది ఈరవ్వ.

అతను మీట నొక్కి చెప్పాడు.

"ఆ చప్పుళ్లల్ల నా పేరేది? మళ్ల కొట్టు."

ఈసారి బల్ల మీద వేలితో నెమ్మదిగా కొట్టి చూపించాడు. గంగమణి అన్నానికి రెండుసార్లు పిలిచింది. ఎవరూ లేవలేదు. ఈరవ్వ మంచంపట్టె మీద తన పేరు తప్పు కొడుతుంటే, అల్లుడు దిద్దుతున్నాడు.