మొదటి గుడ్డు

నా పాలు ఆగిపోతాయేమోనన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. మూడు నెలలుగా పాప ఏడ్చినప్పుడల్లా ఇదే.

ఏడో తరగతితో బడి మాన్పించాక రేపల్లెలో అమ్మమ్మ దగ్గర పెరిగాను. రాబడిలో పదో వంతు దేవుడికిచ్చే దశమభాగం అంటే ఆవిడకు పట్టింపు. కోడి పెట్టే పది గుడ్లలో ఒకటి, చిక్కుడుపాదు కాసే పది గుప్పిళ్లలో ఒకటి పక్కన పెట్టేది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు బర్నబాస్ అయ్యగారు చర్చి ముందు అవన్నీ వేలం వేసేవారు. ఎంత నవ్వులాటగా ఉండేదో!

"దేవుడేమన్నా గుడ్లు తింటాడా అమ్మమ్మా?"

"పూర్వం పొలంలేని యాజకులకీ, మొగుడు పోయినోళ్లకీ, దిక్కులేని పిల్లలకీ, పరాయి ఊరోళ్లకీ పెట్టిన కూడే ఇది. ఇప్పుడు ఆ వేలం డబ్బులూ వాళ్లకే."

అమ్మమ్మ ఎప్పుడూ పదో గుడ్డు కాదు, మొదటిదే బుట్టలో పెట్టేది. ఇంకా తొమ్మిది రాలేదుగా అన్నాను ఓసారి.

"పది పెడతానని కోడి నీకు రాసిచ్చిందా ఏంటే? చివరిదాకా ఆగితే ఇవ్వబుద్ధి కాదు."

ఆ గుడ్డు వెచ్చదనం నా అరచేతికి ఇంకా గుర్తే.

పాప బాపట్ల ఆసుపత్రిలో పుట్టింది. పక్క మంచం దగ్గర సూర్యలంకలో చేపలమ్మే కోటమ్మ ఉండేది. కాన్పు కాగానే ఆవిడ కోడలికి ప్రాణం మీదికొస్తే గుంటూరు తీసుకెళ్లారు. పసిబిడ్డ కోటమ్మ ఒళ్లో మిగిలింది. డబ్బాపాలు పడితే కక్కేస్తోంది. పొద్దున్నే నర్సు కుసుమకుమారి గారు వచ్చి, ఆ బిడ్డకు కాస్త పాలిస్తావా అని నన్నడిగారు.

"ముందు మా పాప తాగాక, మిగిలితే ఇస్తానండి" అన్నాను. అప్పటికే నాకు పాలు తక్కువ.

"అలాగేలే తల్లీ" అంది కోటమ్మ. 'మిగిలితే' అన్న నా మాట నాకే మళ్లీ వినపడింది. పాపను మా అమ్మకిచ్చి చేతులు చాచాను.

"ఇటివ్వు పెద్దమ్మా."

"మరి నీ బిడ్డకో?"

"తర్వాత."

ఆ పిల్ల పట్టిన పట్టు చూసి కోటమ్మ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "అబ్బో, వల లాగినట్టు లాగుతుందే!"

మా పాప పావుగంట ఏడ్చింది. తర్వాత తనూ తాగి నిద్రపోయింది. చాలిందో లేదో నాకు తెలియదు.

మర్నాడు నేను తెనాలిలో మా ఇంటికి వచ్చేశాను. మనవరాలికి వెన్నెల అని పేరు పెడతానంది కోటమ్మ. ఫోను నంబరు అడగడం మరిచిపోయాను. మీరెవరైనా సూర్యలంక వెళ్తే, చేపలమ్మే కోటమ్మ ఇల్లెక్కడో అడగండి. వాళ్ల కోడలు గుంటూరు నుంచి తిరిగొచ్చిందో లేదో, వెన్నెల కడుపునిండా తాగుతోందో లేదో ఒక్కసారి చూసి రండి.