క్షమించనని తాగిన నీళ్ళు

నేను ఒక రాగి చెంబును. నాలో నీళ్ళు తాగి ఎవరు ప్రమాణం చేసినా, వాళ్ళ ఒళ్ళే దానికి కాపలా కాస్తుంది. ఇది నన్ను చేసిన భద్రాచారికే తెలియదు. నా నీళ్ళు తాగుతూ, "ఇక కల్లు ముట్టను" అని భార్యకు మాటిచ్చాడు. అంతకుముందు వందసార్లు ఇచ్చిన మాటే. మర్నాడు ముంత అందుకోబోతే చెయ్యి కొయ్యబారిపోయింది. భార్య సంబరపడింది. ఆయన మాత్రం నన్ను నీలగట్టు ధర్మసభకు దానమిచ్చి వదిలించుకున్నాడు.

సభలో నాకు బోలెడంత కాలక్షేపం. అబద్ధమాడబోతే సాక్షుల నాలుక మడతపడేది. అందుకని వకీళ్ళు "నాకు గుర్తున్నంతలో" అనే మాట కనిపెట్టారు. "నీ పక్కనుంచి కదలను" అన్న పెళ్ళికొడుకు నిజంగానే కదల్లేకపోయాడు, పాపం. దాంతో ప్రమాణానికి ముందు లేఖకుడు "ఎన్నాళ్ళు?" అని అడిగి తీరాలని కట్టడి చేశారు.

ఒక్కరోజు ఆ ప్రశ్న మరిచారు. పురిట్లో బిడ్డను పోగొట్టుకున్న సూరప్ప, మంత్రసాని వీరమ్మను సభకు ఈడ్చుకొచ్చాడు. ఆమె ఏడుస్తూ, "ఇక ఏ కాన్పులోనూ చెయ్యి పెట్టను నాయనా" అని తాగింది. అతను నన్ను లాక్కుని, "నిన్నెప్పటికీ క్షమించను" అని మిగతాది తాగేశాడు. లేఖకుడు కళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఆరేళ్ళకు వీరమ్మ కూతురికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. ఊళ్ళో మరో మంత్రసాని లేదు. కొయ్యబారిన చేతులతో వీరమ్మ సభకు పరుగెత్తుకొచ్చింది. ప్రమాణం ఎవరికి చేస్తే వాళ్ళే విడిపించాలి కనుక సూరప్పను పిలిపించారు.

"విడిపిద్దామనే వచ్చానత్తా. కానీ క్షమించనని నేనూ తాగానే! నోరు రాదేమో" అన్నాడతను.

ధర్మాధికారి తిరుమలాంబ పాత కాగితం తిరగేసింది. "క్షమించనన్నావు. విడిపించనని ఎక్కడన్నావు? విడిపించాననే మాట అని చూడు."

అవి రెండూ వేరని నాకే తెలియదు. ఏమవుతుందోనని నేనూ చూస్తున్నాను.

"నిన్ను క్షమించలేదు" అన్నాడు సూరప్ప. "అయినా విడిపించాను. పోయి బిడ్డను తియ్యి."

వీరమ్మ వేళ్ళు కదిలాయి. ఆమె మరి నిలబడలేదు.

మధ్యాహ్నానికి కబురొచ్చింది, ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమమని. సూరప్ప అప్పటిదాకా సభలోనే కూర్చున్నాడు. లేచి లేఖకుణ్ణి అడిగాడు: "నేను ప్రమాణం చేసింది వీరమ్మత్తకే కదా. నన్ను విడిపించాల్సింది ఆవిడేనా?"

"ఆవిడే."

సూరప్ప చెప్పులు వేసుకుని వాళ్ళింటి వైపు బయల్దేరాడు.