ఎర్రచుక్క పెట్టిన నట్టు

పెద్దల్లుడికి లోకంలో చాలామంది మీద చులకన. కానీ తోడల్లుడి మీద ఉన్నంత చులకన మరెవరి మీదా లేదు. ఆ మనిషికి గ్యాసుబాబు అని పేరు పెట్టింది కూడా అతనే. ఏసీ చల్లబడట్లేదంటే చాలు, తోడల్లుడు సిలిండరు భుజాన వేసుకుని వెళ్ళి గ్యాసు కొట్టి వచ్చేస్తాడట. ఉన్న గ్యాసు ఎటు పోయింది, ఎందుకు పోయింది అన్న ఆలోచనే ఆ బుర్రలో పుట్టదట. "చిల్లుకుండలో నీళ్ళు పోసే మొహం," అనేవాడు పెద్దల్లుడు, షాపులో అందరూ వినేలా.

గ్యాసుబాబు నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే పెద్దల్లుడికి ఒళ్ళు మండేది. ఎంత తిట్టినా రోషం రానివాడు అసలు మనిషేనా అని అతని అనుమానం.

ఆ ఏసీ రిపేరు షాపు మామగారిది. ఇద్దరల్లుళ్ళకీ పని నేర్పింది ఆయనే. మోకాళ్ళు మొరాయించి, చూపు మసకబారాక, తాళాలు పెద్దల్లుడి చేతిలో పెట్టేద్దామనుకుంటున్నారు. పెద్దల్లుడికి తాళాలొక్కటే చాలవు. వాటితోపాటు తోడల్లుడు షాపు గుమ్మం దిగిపోవాలి. ఆ మాట ఎప్పుడెత్తినా మామగారిది ఒకటే జవాబు: "ఊరికే ఎలా పొమ్మంటాం అల్లుడూ? తప్పేదో నా ముందు చూపించు."

చూపించడానికి పెద్దల్లుడు ఎంచుకున్నది మామగారి పడకగదిలో ఏసీనే. ప్రతి వేసవికీ అందులో గ్యాసు అయిపోతుంది, ప్రతి వేసవికీ గ్యాసుబాబు వచ్చి నింపిపోతాడు. సొంత మామగారింట్లోనే ఈ నిర్వాకం. పెద్దల్లుడు మాత్రం ఎప్పుడో మొదట్లో తప్ప ఇన్నేళ్ళలో ఆ మిషను జోలికి పోలేదు. ఇళ్ళల్లో రిపేర్లు తన స్థాయికి తగవు. పెద్దపెద్ద ఆఫీసులైతేనే అతను పానా పట్టేది.

ఆ షాపులో మామగారు పెట్టిన పద్ధతి ఒకటుంది. రాగిగొట్టాలు కలిపి నట్టు బిగించినవాడు ఆ నట్టు మీద తన రంగు చుక్క పెట్టాలి. పెద్దల్లుడిది ఎరుపు, గ్యాసుబాబుది నీలం. ఒకరు బిగించింది మరొకరు విప్పాలంటే మామగారి ఎదుటే విప్పాలి, చుక్క ఏ రంగో పైకి చెప్పాలి. పనివాడికి సిగ్గుండాలంటే అదొక్కటే మార్గమని ఆయన నమ్మకం. ఆ పడకగదిలో గొట్టాలు ఇద్దరల్లుళ్ళూ వేర్వేరప్పుడు కలిపినవే. ఏ నట్టు ఎవరిదో పెద్దల్లుడికి గుర్తులేదు. కారుతున్నది మాత్రం తనది కాదని గట్టిగా తెలుసు.

ఆదివారం పొద్దున్నే సరంజామా అంతా వేసుకుని దిగాడు. మామగారు మంచం పక్కన కుర్చీలో కూర్చున్నారు, అత్తగారు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డారు. టార్చిలైటు పట్టడానికని తోడల్లుణ్ణి ప్రత్యేకంగా కబురుపెట్టి మరీ రప్పించాడు. వాడి బండారం బయటపడుతుంటే వాడే వెలుగు చూపించాలి, ఆ ముచ్చటే వేరు.

ముందు గ్యాసు ఎంతుందో చూపించే మీటరు తగిలించాడు. ముల్లు ఉండాల్సిన చోటికి చాలా కిందనే ఆగిపోయింది.

"చూడండి మామయ్యా. పోయిన వేసవిలో నింపిన గ్యాసు. ఏదీ? తాగేశాడా ఏమన్నా?"

"ఆ గోడమూల, పైన, గొట్టాలు కలిసే చోట ఉంటుందన్నయ్యా," అన్నాడు గ్యాసుబాబు మెల్లగా.

"నువ్వు నాకు నేర్పక్కర్లేదు. పోయినేడూ ఇదే ముక్క చెప్పబోయావు. అంత తెలిసినవాడివి నువ్వే విప్పి చూడొచ్చుగా?"

గ్యాసుబాబు మామగారి వైపు ఓసారి చూసి టార్చి అందుకున్నాడు.

పెద్దల్లుడు నిచ్చెనెక్కాడు. తోడల్లుడు పక్కన స్టూలెక్కి టార్చి పట్టాడు. గోడమూల టేపు కనపడగానే పెద్దల్లుడి మొహం వికసించింది. దెబ్బతగిలిన వేలికి గుడ్డ చుట్టినట్టు పొరమీద పొర, ఉండలుండలుగా. ఇంత అందంగా టేపు చుట్టేవాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడు.

"మామయ్యా, ఇది మీ చిన్నల్లుడి హస్తకళే. ఇప్పుడు చుక్క కూడా మీ ముందే చెబుతాను, వినండి."

టేపు ఒలిచాడు. నట్టు చుట్టూ నూనె జిడ్డు. సబ్బునురగ పూస్తే బుడగలు ఒకదాని వెనక ఒకటి పుట్టుకొస్తున్నాయి. గుడ్డతో జిడ్డు తుడిచాడు. జిడ్డు కింద చుక్క ఉంది, ఎర్రగా.

పెద్దల్లుడికి అప్పుడు గుర్తొచ్చింది. కొత్తల్లుడి హోదాలో ఈ ఇంట్లో చేసిన మొదటి పని ఇది. భార్యతో సినిమాకి వేళైపోతోందని, గొట్టం కోశాక లోపలి అంచు గీకకుండానే మూతి వెడల్పు చేసి బిగించేశాడు. ఆ మూతి చీలింది. చేతిలో టేపు చూసుకున్నాడు. కొత్త పొర కింద పాతది, దానికింద ఇంకా పాతది. గ్యాసుబాబు ఏటేటా టేపు విప్పాడు, ఎరుపు చూశాడు, మళ్ళీ చుట్టేశాడు. నట్టు మీద పానా వెయ్యాలంటే మామగారి ఎదుట ఆ రంగు చెప్పాలి. చెప్పకుండా గ్యాసు నింపి, గ్యాసుబాబు అనిపించుకున్నాడు.

"ఏ రంగు అల్లుడూ?" అన్నారు మామగారు.

ఎరుపు. మూడక్షరాల మాట. పెద్దల్లుడు గుడ్డతో నట్టు మళ్ళీ తుడిచాడు.

"నిన్నే. ఏ రంగు?"

టార్చి వెలుగు చుక్క మీంచి పక్కకి జరిగింది.

"నీలం మామయ్యా," అన్నాడు గ్యాసుబాబు. "నాదే."

"ఛీ," అన్నారు మామగారు. "నీకు పని నేర్పానని చెప్పుకోవడానికే సిగ్గేస్తోంది."

పెద్దల్లుడు కిమ్మనలేదు. ఇలాంటప్పుడు మాట్లాడకపోవడం చాలా సులువని అతనికి ఆరోజే తెలిసింది. ఉన్న గ్యాసు బయటి యూనిట్లోకి లాగి వాల్వు బిగించాడు. గొట్టం కొత్తగా కోసి, అంచు శుభ్రంగా గీకి, మూతి వెడల్పు చేసి, కొత్త నట్టు వేశాడు. పంపుతో గొట్టాల్లో గాలంతా తోడేసి గ్యాసు వదిలి, తగ్గింది నింపి, నురగ పూసి బుడగ రాలేదని చూసుకున్నాడు. కొత్త నట్టు మీద ఎర్రచుక్క పెట్టాడు. పాతది జేబులో వేసుకున్నాడు.

గది చల్లబడ్డాక మామగారు తాళాలు అతని చేతిలో పెట్టారు. "వీణ్ణి ఉంచుకుంటావో పొమ్మంటావో నీ ఇష్టం."

"పోనివ్వండి మామయ్యా, మనవాడే కదా. నేను చూసుకుంటాను," అన్నాడు పెద్దల్లుడు పెద్దమనిషిలా.

"మనసంటే నీది నాయనా," అన్నారు అత్తగారు.

మెట్ల మీద ఇద్దరే అయ్యాక పెద్దల్లుడు ఆగాడు. "నేను అడిగానా నిన్ను? నాకోసం అబద్ధమాడమని అడిగానా?"

"మీకోసం కాదన్నయ్యా," అన్నాడు గ్యాసుబాబు, నిచ్చెన భుజం మార్చుకుంటూ. "వచ్చినవాళ్ళందరికీ మీ పని చూపించి, నేనే నేర్పానని గొప్ప చెప్పుకుంటారు పెద్దాయన. ఈ వయసులో ఆయనకి మిగిలిందదొక్కటే. అదెందుకు చెడగొట్టడం?"

మర్నాడు షాపు తలుపు పెద్దల్లుడే తీశాడు. ఎప్పటిలాగే గ్యాసుబాబు సిలిండరు భుజానికెత్తుకున్నాడు.

"ఏమోయ్ గ్యాసుబాబూ, ఎవరి చిల్లుకుండలో నీళ్ళు పోయడానికి?" అన్నాడు పెద్దల్లుడు, ఎప్పటికంటే గట్టిగా.

అందరూ నవ్వారు. గ్యాసుబాబు కూడా అదే పాత నవ్వు నవ్వి బయల్దేరాడు. ఆ నవ్వు రోషం లేనివాడిది కాదని, తనను ఏనాడో లెక్కలోంచి తీసేసినవాడిదని పెద్దల్లుడికి ఇప్పుడు తెలిసింది. నిన్ననే వీణ్ణి పొమ్మనాల్సింది అనుకున్నాడు.