సకినాలు చుట్టిన జర్నల్

జగిత్యాల డాక్టర్ సరోజన మేడం వైద్యుల కోసం ఇంగ్లిషులో ఒక జర్నల్ నడుపుతుంది. సిరిసిల్ల మరమగ్గాల చప్పుడుకు కార్మికుల చెవులు ఎలా మొద్దుబారుతున్నాయో తానే తిరిగి, పరీక్షలు చేసి అందులో రాసింది. అయినా డాక్టర్ల సంఘం అధ్యక్షుడు దేవదాస్‌ పెదవి విరిచాడు.

"మనోళ్లే రాసుడు, మనోళ్లే సదువుడు! వచ్చే సంచికల ఒక్క ఫారిన్ డాక్టరన్న రాయకుంటే బంద్ పెడుదాం."

నేను మస్కట్‌లో డ్రైవర్ని. సెలవు అయిపోయి బయలుదేరుతుంటే మేడం కోరుట్లలో మా ఇంటికొచ్చి జర్నల్ కట్ట ఇచ్చింది.

"భూమేశ్, గివి మస్కట్ డాక్టర్లకియ్యి తమ్మీ. ఇగ నీదే భారం."

గల్ఫ్‌కు పోయేవాడి పెట్టెలో వాడి బట్టలకు తప్ప ఊరందరి సకినాలకూ చోటుంటుంది. మస్కట్‌లో దిగగానే పొట్లాలన్నీ పంచేశాను. దుబాయ్‌వి దుబాయ్‌కి పంపాను. ఆ తర్వాత చూస్తే కట్ట లేదు. ఇంటికి ఫోన్ చేసి అమ్మను అడిగాను.

"అవ్వా, గా పుస్తకాలేమైనయే?"

"చింపి సకినాలకు చుట్టిన కొడుకా. మంచి కాయితం, ఒక్కటి ఇరగలే!"



అంతలో మా రూమ్‌లో ఉండే రాజం నన్ను వెంటబెట్టుకుని వెళ్లి క్యాంపు క్లినిక్‌లోని ఈజిప్టు డాక్టరుకు ఒక పొట్లం ఇచ్చాడు. నూనె పీల్చి ఆ కాగితం అద్దమైంది. రెండు వైపులా ఒకేసారి చదవొచ్చు. డాక్టరు సకినం పక్కన పెట్టి కాగితం మీద పడ్డాడు. సరిగ్గా మగ్గం చెవిని ఏం చేసిందో చెప్పబోయే చోట పేజీ అయిపోయింది. పొట్లం తెచ్చింది నేనేనని రాజం చెప్పగానే నా కాలర్ పట్టుకున్నాడు.

"మిగతాది ఏది?"

మిగతాది దుబాయ్‌లో ఒక ఫిలిప్పీన్స్ డాక్టరమ్మ దగ్గర తేలింది. ఆమెకు చివర దొరికింది, మొదలు లేదు. ఇద్దరూ ఫోన్లలో ఫోటోలు పంపుకున్నారు. నడుమ పేజీ కోసం గల్ఫ్‌లో సకినం ముక్క మిగలకుండా తిన్నారు! అది దొరికాక, డ్రిల్లింగ్ కూలీల చెవుల మీద ఇద్దరూ కలిసి రాసి మేడంకు పంపారు. దేవదాస్ బంద్ మాట వెనక్కి తీసుకున్నాడు.

మళ్లీ సెలవుకు వెళ్లి వచ్చేటప్పుడు మేడం కొత్త కట్ట తెచ్చింది. మా అవ్వ తల దించుకుంది.

"తప్పయింది డాక్టరమ్మా. ఈసారి ఒక్క కాయితం గూడ చింప."

"అయ్యో, చింపు గంగవ్వా! సగం సగమే చుట్టు. మొత్తం ఒక్క దగ్గర దొరికితే ఎవ్వరు సదువరు."