నేపాల్ అయితే ఏం?

"నేపాల్ అయితే ఏం?" అని భ్రమరాంబగారు అడగడం అది నాలుగోసారి. కోడలు లలిత నాలుగోసారి కూడా, కాదండీ, శ్రీలంకే అంది.

లలిత అమలాపురంలో డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతుంది. మన చుట్టుపక్కల దేశాల్లో బయటి పెట్టుబడికి ఏది ఎంత తలుపు తీసిందో పోల్చి ఒక వ్యాసం రాసింది. వచ్చి చదవమని కొలంబో సదస్సు నుంచి ఉత్తరం వచ్చింది. పదేళ్ళ ఉద్యోగంలో ఆమెని ఎవరైనా ఎక్కడికైనా పిలవడం అదే మొదలు.

చిక్కల్లా సముద్రం. ఆ వేదపండితుల ఇంట్లో సముద్రం దాటినవాళ్ళు తద్దినం వంట ముట్టకూడదు. అత్తగారికి మోకాళ్ళు పట్టేసినప్పటినుంచి మడి కట్టుకుని ఆ వంట చేసేది లలితే. సదస్సు కార్తీకంలో, మామగారి తండ్రి తద్దినం మార్గశిరంలో.

మామగారు అచ్యుతరామయ్యగారు వ్యాసమంతా శ్రద్ధగా విన్నారు. నేపాల్ గురించి ఇంకో రెండు పేజీలు పెంచితే ఖాట్మండూ వాళ్ళు పిలుస్తారేమో చూడమన్నారు. రైలూ బస్సూ ఎక్కి వెళ్ళిపోవచ్చు, పశుపతినాథుడి దర్శనమూ అవుతుంది. నేపాల్ బయటి పెట్టుబడిని అంతగా రానివ్వదని లలిత చెప్పింది. మనుషుల్ని రానిస్తుంది కదా అన్నారాయన.

రాముడు లంకకి వెళ్ళలేదా అన్నాడు లలిత భర్త దత్తసాయి.

"వంతెన కట్టుకుని వెళ్ళేడురా. నువ్వూ కట్టు, పంపిస్తాను" అన్నారు భ్రమరాంబగారు.

కిందటేడు తద్దినం మస్కట్ నుంచి మరిది సత్యం పంపిన డబ్బుతోనే జరిగిందని లలిత గుర్తుచేసింది.

"డబ్బుకి మడేమిటే?" అన్నారు అత్తగారు.

లలిత ఆ మాట వ్యాసం చివరి పేజీ వెనకాల పెన్సిలుతో రాసుకుంది.

మనకంటే పధ్నాలుగేళ్ళ ముందే శ్రీలంక తలుపులెందుకు తీసిందని అచ్యుతరామయ్యగారు అడిగారు. ఎన్నికల్లో అక్కడి ప్రభుత్వం మారిందని లలిత చెప్పింది. మనింట్లో ఎన్నికలు లేవు కదమ్మా అన్నారాయన.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. లలిత మామగారి విస్తట్లో మజ్జిగ పోసి, గిన్నె కింద పెట్టింది.

"కొలంబోకి వస్తున్నానని పొద్దున్నే ఉత్తరం రాసేసేనండి, మావయ్యగారూ. వెళ్ళేలోపు మీ అబ్బాయికి మడివంట నేర్పేస్తాను. రేపు గారెలు."