మూడో పిలుపు

ఆ పొద్దున తూర్పున మబ్బు ఎర్రబడి అంతలోనే బూడిదరంగుకు తిరిగింది. అలాంటి ఆకాశం చూస్తే మస్తాన్‌రావు పడవ దించడు. ఆ రోజు దించే పనే లేదు. భార్య రత్తమ్మనూ పద్నాలుగేళ్ల కూతుర్నీ వెంటబెట్టుకుని సూర్యలంకలో తొలి బస్సెక్కి బాపట్ల కోర్టుకు వచ్చాడు. అది అరవై ఎనిమిదో సంవత్సరం, ఆషాఢమాసం.

పిల్లను ఎండుచేపల కొట్టు ఆసామి చెరిచిన కేసు. తలుపులు మూసి విచారించాలనీ, పేపర్లో పిల్ల పేరు రాకూడదనీ, వరండాలో బంట్రోతు సైతం పేరు పిలవక నంబరే పిలవాలనీ జడ్జిగారు ఉత్తర్వు వేశారు. తెనాలి విలేకరి కూడా సరేనన్నాడు.

"అయితే రేపల్లెలో ఎవరికీ తెలీదంటారాండి?" సర్కారు వకీలు పూర్ణచంద్రరావును మస్తాన్‌రావు అప్పటికి మూడుసార్లు అడిగాడు.

"తెలీదయ్యా. సాక్ష్యం అయ్యాక పిల్లను రేపల్లెలో మేనత్త దగ్గరికి పంపించెయ్. అక్కడ మామూలుగా బతుకుద్ది. నంబరు నూట పదిహేడు. గుర్తుంటదా?"

"వందల లెక్కన చేపలెంచేవాణ్ణండి."

అంతలో పొలం తగాదా మీద రేపల్లె నుంచి వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర కనిపించారు. వాళ్లలో అన్నమ్మ ఉంది. అతని అక్కకు పక్కింటి మనిషి. మస్తాన్‌రావు తల్లీకూతుళ్లను గబగబా కోర్టు వెనక్కి పంపేశాడు.

"ఏం తమ్ముడూ, సముద్రం వదిలి ఇటొచ్చావేంటి?"

"పడవ తగాదా అక్కా."

"మీకు నీళ్ల మీద కూడా గట్లుంటయ్యా?" అని అన్నమ్మ నవ్వింది.

అప్పుడే బంట్రోతు పిలిచాడు. "నూట పదిహేడు."

మస్తాన్‌రావు వెనక్కి పరిగెత్తాడు. అక్కడ ఎవరూ లేరు. మళ్లీ ముందుకొచ్చేసరికి రెండో పిలుపు. మూడో పిలుపుకి మనిషి పలక్కపోతే కేసు కొట్టేస్తారని ఎవరో అనగా విన్నాడు. బంట్రోతు మళ్లీ నోరు తెరిచాడు.

మస్తాన్‌రావుది అలల హోరు మీద పడవ నుంచి పడవకు కేకేసే గొంతు. ఆ గొంతుతో కూతుర్ని పేరు పెట్టి పిలిచాడు. వరండా అంతా ఇటు తిరిగింది.

బోరింగు దగ్గర్నుంచి పిల్ల తడిచేతులతో పరిగెత్తుకొచ్చింది. బంట్రోతు ఆమెను లోపలికి పంపి, బయటివాళ్లకు తెలియకూడదని తలుపులు జాగ్రత్తగా మూశాడు.

అన్నమ్మ మూసిన తలుపు వంక చూసింది.

"మన పిల్లేనా తమ్ముడూ?" అంది, మెల్లగా.



మధ్యాహ్నం గోడ నీడన రత్తమ్మ అన్నం మూట విప్పింది.

"రేపల్లె రేపేనా అయ్యా?" అంది పిల్ల.

మస్తాన్‌రావు వరండాలో రేపల్లెవాళ్లు కూర్చున్న వైపు చూశాడు. పిల్ల అతని మొహంలోకి చూసి, ఆకులు పరిచింది. రత్తమ్మ ముగ్గురికీ ఆకుల్లో పెట్టింది. ముగ్గురూ తల వంచుకుని తిన్నారు.