గంట దాటితే నలభై

నీటిసంఘం కార్యాలయంలో చేరి రెండు నెలలైనా, రమ్యశ్రీ గొంతు ఆ గోడలకు ఇంకా పరిచయం కాలేదు. కంప్యూటరు మీటల మీద ఆమె వేళ్ళే మాట్లాడేవి. లస్కరు పల్లంరాజు కాలువగట్టు మీది నుంచి ఫోను చేసి, ఏ తూము ఎప్పుడెత్తాడో, ఎప్పుడు దించాడో చెప్పేవాడు. అతని మాట ముగిసేలోగా ఆమె అంకె ముగిసేది. దాళ్వా, అంటే రెండో పంట, పొట్టకొచ్చే వేళకు కాలువలో నీరు సన్నగిల్లుతుంది. ఊళ్ళన్నీ వంతులవారీగా పంచుకోవాలి. ఎవరి బోదెకు, అంటే చేలోకి పారే పిల్లకాలువకు, ఎంతసేపు నీరు పారిందన్నదే ఆ కార్యాలయం మోసే బరువంతా.

ఆ బరువు మోయడానికి కంప్యూటరులో పట్టిక కట్టి ఇచ్చినవాడు ఉదయభాస్కర్. సంఘం అధ్యక్షుడు వెంకటపతిరాజు గారి మేనల్లుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పండగకొచ్చిన అల్లుడిలా ఒక పూట కూర్చుని, కాఫీ తాగుతూ నేర్పించి వెళ్ళాడు.

"చుక్క పెట్టక్కర్లేదు, కోలన్ పెట్టక్కర్లేదు. ఆరూ యాభై అనుకో, ఆరు, అయిదు, సున్నా కొట్టెయ్. మధ్యలో రెండు చుక్కలూ అదే పెట్టుకుంటుంది. ఒంటిచేత్తో పనైపోతుంది, రెండో చేత్తో జంతికలు తినొచ్చు."

నిజమే. 650 అని కొడితే గడిలో 6:50 అని కనబడేది. షిఫ్టు మీట కోసం వెతకనక్కర్లేదు, అంకెల మీద నుంచి చెయ్యి తీయనక్కర్లేదు. ఆ వేగం రమ్యశ్రీకి నచ్చింది. ఎత్తిన వేళ, దించిన వేళ, ఎంటరు. ఎత్తిన వేళ, దించిన వేళ, ఎంటరు. తెడ్డు వేసినట్టు, తెప్ప సాగినట్టు, వేళ్ళకొక నడక కుదిరింది. పక్క గడిలో నిమిషాలు వాటంతటవే వచ్చి కూర్చునేవి.

ఆ సోమవారం రైతులందరూ సమావేశమైనప్పుడు, ఆ పక్క గడిలోని అంకెనే అధ్యక్షుడు రాజుగారు పైకి చదివారు.

"వంతుకి మూడు వందల నిమిషాలు. అందరం ఒప్పుకున్నదే. శివారు బోదె పోయిన వంతులో నాలుగు వందల అరవై వాడేసింది. కాబట్టి ఈ వంతు శివారుకి లేదు. అమ్మా రమ్యా, ఆ ముక్క టైపు చేసెయ్. పల్లంరాజుకి వాట్సాప్‌లో పెడదాం."

గుమ్మం దగ్గర నుంచి ఒక గొంతు లేచింది.

"నాలుగు వందల అరవై నిమిషాలు పారితే మా చేలో చేపలు పట్టుకునేవాళ్ళమండి!"

సూర్యకళ. కాలువ చిట్టచివర, అందరూ తాగి వదిలిన నీటికోసం కాచుకుని ఉండే శివారు పొలంలో సొంతంగా సేద్యం చేసుకునే మనిషి. వేళ్ళతో సహా పెరికిన వరి దుబ్బొకటి తెచ్చి, రాజుగారి బల్ల మీద, అద్దం మీద పెట్టింది. అద్దం మీద పొడిమట్టి రాలింది. పొట్టలో దాగిన వెన్ను ఇంకా బయటికి రాలేదు; ఆకు చివర మాత్రం అప్పుడే ఎండింది.

"ఇంకో నాలుగు రోజులు నీళ్ళు లేకపోతే ఇది తాలైపోతుందండి. పశువుకి తప్ప మనిషికి పనికిరాదు."

"సూర్యకళమ్మా, నాకేమైనా పగా? కంప్యూటరు చెబుతోంది."

"కంప్యూటరు మా బోదెలో దిగి చూసిందా అండి? ఎక్కడిదాకా తడిసిందంటా? చీలమండా, మోకాలా?"

నవ్వులు లేచాయి. రాజుగారు కూడా నవ్వారు. కాని చెయ్యి మాత్రం, టైపు చెయ్యమన్నట్టు, రమ్యశ్రీ వైపు ఊపారు.

రమ్యశ్రీ శివారు వరుస తెరిచింది. ఎత్తిన వేళ 6:50. దించిన వేళ 11:10. మనసులోనే లెక్కపెట్టుకుంది: ఆరూ యాభై నుంచి పదీ యాభై దాకా నాలుగు గంటలు, ఆ పైన ఇరవై నిమిషాలు. రెండు వందల అరవై. వంతుకు తక్కువే తప్ప ఎక్కువ కాదు. మరి నాలుగు వందల అరవై ఎక్కడిది? గడి మీద నొక్కింది. పైన సన్నని పట్టీలో, ఏ చుక్కలూ లేని అసలు అంకె బయటపడింది. 1110. దాని పక్క గడిలో 650. ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే నాలుగు వందల అరవై.

యంత్రం కాలాన్ని కొలవలేదు. అంకెను అంకెలోంచి తీసేసింది. రెండు చుక్కలూ చూసే కంటికి పెట్టిన కాటుకే తప్ప, యంత్రానికి అవి లేవు. అరవైకి గంట నిండుతుందని దానికెవరూ చెప్పలేదు. అది నూరు దాకా లెక్కపెడుతూ పోయింది.

ఆమె లేచి నిలబడింది. "రాజుగారండీ..."

"ఒక్క నిమిషం ఆగమ్మా, పెద్దవాళ్ళు మాట్లాడుతున్నాం."

ఆమె కూర్చుంది. ఎప్పటిలా ఊరుకోవచ్చు. బల్ల మీద ఆ దుబ్బు ఉంది, ఊరుకోలేకపోయింది. ఖాళీ వరుసలో 1059 కొట్టింది, 1100 కొట్టింది. తెరను సభ వైపు తిప్పింది.

"ఆగానండి," అంది. "పదీ యాభై తొమ్మిది నుంచి పదకొండు దాకా, మీరన్నట్టు ఒక్క నిమిషమే ఆగాను. మన పట్టిక నలభై ఒకటి అంటోందండి."

రాజుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. ముందు వరుసలోని లోవరాజు, ఎగువ చేపల చెరువుల ఆసామి, మెడ సాచి చూసి గట్టిగా నవ్వేశాడు. "ఒక నిమిషానికి నలభై ఒకటా! ఏ ధర్మవడ్డీ ఇది?"

"గంట దాటిన ప్రతిసారీ నలభై నిమిషాలు ఊరికే కలుపుతోందండి," అంది రమ్యశ్రీ. "చుక్కలు లేకుండా కొట్టడం తప్పు కాదు. చుక్కలు లేకుండానే తీసెయ్యడం తప్పు."

"అలాగైతే అందరికీ కలవాలిగా? మాకెందుకు కలవలేదు?" అన్నాడు లోవరాజు, నవ్వు ఆపి.

"మీ తూము దగ్గర నీరు ఉరుకుతుందండి. గడియారంలో గంట మారకముందే దింపేస్తారు, కాసేపాగి మళ్ళీ ఎత్తుతారు. తొమ్మిదీ అయిదుకెత్తి తొమ్మిదీ యాభై అయిదుకి దింపితే యాభై అని సరిగ్గానే చెబుతుంది. శివారుకి నీరు నడవాలి. గంటలు దాటుకుంటూ నడవాలి. దాటిన ప్రతి గడపా వాళ్ళ మీద తప్పు రాసింది. దూరంగా ఉండటమే వాళ్ళ నేరమైందండి."

రాజుగారు మేనల్లుడికి ఫోను చేశారు. స్పీకరులో ఉదయభాస్కర్ గొంతు పలికింది: "అయ్యో మావయ్యా, నేను కనబడటానికే చుక్కలు పెట్టాను. తీసివేత సంగతి చూసుకోలేదు. ఆ అమ్మాయి చెప్పిందే రైటు."

రమ్యశ్రీ అప్పటికే సూత్రం మార్చేసింది. చివరి రెండంకెలు నిమిషాలు. ముందున్నవి గంటలు, గంటకు అరవై. శివారు గడిలో నాలుగు వందల అరవై చెరిగి, రెండు వందల అరవై వచ్చి నిలిచింది.

రాజుగారు చెడ్డవారు కారు. కాని తప్పు తమ గదిలో, తమ మేనల్లుడి చేతిలో, అందరి ఎదుటా దొరకడం ఆయనకు మింగుడుపడలేదు. గొంతు సవరించుకున్నారు.

"సరే. నీళ్ళిద్దాం. దీన్ని పెద్దది చెయ్యకండి, పోయిన వంతు రిపోర్టు పై ఆఫీసుకి వెళ్ళిపోయింది. అమ్మా రమ్యా, 'శివారు రైతుల అభ్యర్థన మేరకు, సంఘం దయతో ఈ వంతు మంజూరు చేయడమైనది' అని కొట్టు. సంతకం పెడతాను. పల్లంరాజు తూము దగ్గరే ఉన్నాడు, ఈ క్షణమే ఎత్తేస్తాడు."

రమ్యశ్రీ వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. ఆమె సూర్యకళ వైపు చూసింది. నీరు ఒక్క సంతకం దూరంలో ఉంది. చేను ఎండుతోంది. తలూపితే చాలు.

సూర్యకళ తలూపలేదు.

"అభ్యర్థన ఎవరు చేశారండి?"

"ఇప్పుడు మాటల కోసం చేను ఎండబెట్టుకుంటావా తల్లీ?"

"ఇవాళ దయ అని రాస్తే, వచ్చే వంతుకి మళ్ళీ దయ రావాలి కదండి. మా అత్తగారు దయ కోసం ఎగువ గట్లు ఎక్కీ దిగీ కాళ్ళు అరగదీసుకుంది. నేను ఎక్కను. నా నీళ్ళు నాకివ్వడానికి నేను బతిమాలుకున్నానని కాగితం పుడితే, ఆ కాగితం నాకు వద్దు."

"అయితే నీళ్ళు కూడా వద్దా?"

"నీళ్ళు కావాలి. ఆ మాట వద్దు."

రాజుగారు రమ్యశ్రీ వైపు తిరిగారు. "నువ్వు కొట్టమ్మా. ఆవిడకేం తెలుసు."

"నేను కొట్టనండి," అంది రమ్యశ్రీ.

అంత చిన్న మాట. ఆమె నోట ఆ గదిలో అటువంటిది పుట్టడం అదే మొదలు.

"ఉద్యోగం ఉండాలనుందా లేదా?"

"ఉందండి. అందుకే అబద్ధం కొట్టను. తప్పు మన లెక్కది. కాగితం మీద తప్పు పేరే ఉండాలి." ఆమె వేళ్ళు కదిలాయి, కదులుతూండగానే పైకి చదివింది. "'సంఘం లెక్క తప్పు వలన పొరపాటున ఆపిన శివారు వంతును, వారి హక్కు ప్రకారం విడుదల చేయడమైనది.' ఇది ప్రింటు తీస్తానండి. సంతకం పెట్టడం, పెట్టకపోవడం మీ ఇష్టం."

ప్రింటరు గరగరమని కాగితాన్ని బయటికి తోసింది. రాజుగారు దాన్ని ముట్టుకోలేదు. అప్పుడు లోవరాజు లేచాడు.

"పెట్టెయ్యండి రాజుగారూ. రేపు మా తూము గంట దాటితే మా గతి కూడా ఇంతే కదండి, ఆయ్!"

వెనుక నుంచి ఇంకెవరో "పెట్టెయ్యండి" అన్నారు. ఆ వెనుక మరొకరు. రాజుగారు కలం మూత తీశారు. సంతకం పెట్టి, తేదీ వేసి, కాగితాన్ని సూర్యకళ వైపు కాకుండా గోడ వైపు జరిపారు. సూర్యకళే వెళ్ళి తీసుకుంది.

మధ్యాహ్నానికి శివారు బోదెలో నీరు మొదట నురగగా, ఆ తరవాత బురదగా, ఆ తరవాత నీరుగా వచ్చింది. నెర్రెలు ఒక్కొక్కటే గుటకలు వేశాయి. భోజన విరామంలో సైకిలు మీద వచ్చిన రమ్యశ్రీ గట్టు మీద నిలబడింది. సూర్యకళ చీర కుచ్చిళ్ళెత్తి, పారతో గండి వెడల్పు చేస్తూ తలెత్తకుండానే అంది:

"నీకు థాంక్సు చెప్తాననుకున్నావేమో, చెప్పనమ్మాయ్. నా నీళ్ళు నాకొచ్చినందుకు నేనెవరికీ చెప్పను."

"చెప్పొద్దు పిన్నీ," అంది రమ్యశ్రీ. "చెబితే నేనూరుకోను."